రోమను సిపాయి చొక్కా ఎరుపా, తెలుపా?

రోమను సామ్రాజ్యపు కాల్బలంవాడు యినుప కవచం కింద తొడుక్కున్న ఉన్ని చొక్కా ఎరుపుదా, తెలుపుదా? యీ ప్రశ్న మీద యింగ్లండులోను, జర్మనీలోను, అమెరికాలోను కొందరు పెద్దమనుషులు నలభై యేండ్లకు దగ్గరగా వాదులాడుకుంటున్నారు. వారిలో పండితులున్నారు, ఆదివారాలు ఆ సిపాయి వేషం కట్టి కవాతు చేసే ఉద్యోగస్తులున్నారు. వాదన ముదిరి, మాట పట్టింపులకు పోయి, ఒకరినొకరు తూలనాడుకోవడమూ కద్దు.

చనిపోయి పద్దెనిమిది వందల యేండ్లు దాటిన సిపాయి చొక్కాతో మనకేమి పని అని సభ్యులు అనవచ్చు. పని వున్నది. ఆ తగాదాలో యినుము సంగతి చాలావరకు తేలిపోయింది. తేలకుండా మిగిలినదల్లా బట్ట సంగతి. యినుము తుప్పు పట్టినా మట్టిలో మిగులుతుంది, బట్ట చివికిపోతుంది. కాబట్టి బట్ట విషయంలో తీర్పు చెప్పడానికి మగ్గం తెలిసినవాడి బుద్ధి కొంత కావలసి వస్తుంది.

ముందు యీ వేషసంఘాల సంగతి. 1972లో యింగ్లండులో ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ అనే సంఘం యేర్పడింది. మొదటి శతాబ్దపు రోమను సిపాయిల ఆయుధాలు, కవచాలు చేతనైనంత నిజంగా తయారుచేసుకొని, అవి తొడుక్కొని జనానికి చూపించడం వారి పని. అంతకు ఎనిమిదేండ్ల ముందు, 1964లో, ఆ దేశపు ఉత్తరభాగాన కార్‌బ్రిడ్జ్ అనే చోట భూమిలో ఒక పాత చెక్కపెట్టె బయటపడింది. అందులో యినుప పట్టీల కవచాల ముక్కలున్నాయి. లండను టవర్ ఆయుధశాలలో పనిచేసిన హెచ్. రస్సెల్ రాబిన్సన్ వాటిని పరిశీలించి, యినుప పట్టీలు తోలు కోటు మీద కుట్టినవి కావనిన్నీ, లోపలివైపు తోలు వార్లతో ఒకదానికొకటి తగిలించినవనిన్నీ చూపించారు. 1975లో ఆయన పుస్తకం వచ్చింది. అప్పటినుండి తోలు కోటు వాదం అణగిపోయింది. ఇటీవల 2018లో జర్మనీలో కాల్క్రీజె అనే పాత యుద్ధభూమిలో అటువంటి కవచం మరొకటి దాదాపు పూర్తిగా దొరికింది. ఇంతటితో యినుము సంగతి చాలు.

ఈ సంఘాలవారిలో రెండు తెగలు. ప్రతి కుట్టూ, ప్రతి మేకూ పూర్వం వున్నట్టే వుండాలనేవారు ఒక తెగ. పది గజాల దూరం నుంచి బాగుంటే చాలుననేవారు రెండో తెగ. మొదటి తెగవారిని వెక్కిరించడానికి యింగ్లీషులో ఒక మాట వాడుతారు. దాని అర్థం దారాలు లెక్కపెట్టేవాడు అని. అమెరికా అంతర్యుద్ధం వేషాలు కట్టేవారి మధ్య యీ మాటకు బాగా వాడుక. మన పేటల్లో దారాలు లెక్కపెట్టగలవాడిని వెక్కిరించరు, పన్నె చూసి లెక్క చెప్పమని పిలుస్తారు. ఏ మాట ఎక్కడ తిట్టవుతుందో చిత్రమే.

ఇక రంగు. సినిమాలలోను, పాత తైలవర్ణ చిత్రాలలోను రోమను సిపాయి ఎర్రచొక్కా వాడే. సంఘాలవారిలో చాలామంది మొదట అదే అనుసరించారు. 1987లో నిక్ ఫ్వెంటెస్ అనే ఆయన ఒక వ్యాసం వ్రాసి, మామూలు సిపాయిది తెలుపు లేక అద్దకం లేని ఉన్ని రంగు చొక్కా అనిన్నీ, ఎరుపు శతదళాధిపతులదనిన్నీ వాదించారు. అక్కడినుంచి గొడవ.

ఎరుపు పక్షంవారి సాక్ష్యాలు యివి. సేనాపతి డేరా మీద ఎర్ర చొక్కా ఎగురవేస్తే యుద్ధానికి సిద్ధం కమ్మని గుర్తు అని ప్లూటార్క్ వ్రాశాడు. పూర్వం రోమను సిపాయిలు ఎర్రబట్ట కట్టేవారని సెవిల్ పట్టణపు బిషప్ ఇసిడోర్ వ్రాశాడు. కాని ఆయన ఏడో శతాబ్దంవాడు, తాను చెప్పే కాలానికి కొన్ని వందల యేండ్ల తరువాతివాడు. తెలుపు పక్షంవారి సాక్ష్యాలు: క్రీ. శ. 69లో విటెల్లియస్ చక్రవర్తి రోము ప్రవేశించినప్పుడు పెద్ద అధికారులు తెల్లబట్టలలో ముందు నడిచారని టాసిటస్ చెప్పినది. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున డ్యూరా యూరోపస్ అనే కోటపట్టణంలో 1920లో దొరికిన గోడచిత్రం. ఆ చిత్రంలో జూలియస్ టెరెంటియస్ అనే అధికారి తన సిపాయిలతో కలిసి పూజ చేస్తున్నాడు, సిపాయిలవి తెల్లచొక్కాలు.

టాసిటస్ మాట ఏ పక్షానికీ పూర్తిగా పనికిరాదని నా అభిప్రాయం. అధికారులు ఆ రోజు తెల్లబట్టలు కట్టారని ఆయన ప్రత్యేకించి చెప్పాడంటే, అది పండుగ బట్ట కాబోలు. మనవాళ్లు పెళ్లికి కట్టిన బట్ట చూసి రోజూ మగ్గం గుంటలో కూర్చునేటప్పుడు అదే కడతారని వ్రాస్తే ఎలా వుంటుంది?

రంగుల వాదనలో అందరూ చెప్పే సాక్ష్యాలకంటె గట్టిది ఒకటి వున్నది. అది మనవంటివారు వ్రాయించుకున్న కాగితం. ఈజిప్టులో ఫిలడెల్ఫియా అనే గ్రామపు నేతగాళ్లకు క్రీ. శ. 138లో యిచ్చిన ఆర్డరు తాలూకు పత్రం పపైరస్ ఆకు మీద మిగిలివుంది. కప్పడోసియాలో, అనగా యిప్పటి తుర్కీ దేశంలో వున్న సేనలకోసం ప్రభుత్వంవారు బట్టలు నేయమని ఆజ్ఞాపించి, బ్యాంకు ద్వారా అడ్వాన్సు యిప్పించారు. సరుకు వివరం యిది: నడికట్టుతో తొడిగే తెల్ల చొక్కా ఒకటి, మూడున్నర మూరల పొడుగు, మూడు మూరల నాలుగు వేళ్ల వెడల్పు, తూకం 3¾ మినాలు, అడ్వాన్సు 24 ద్రాక్మాలు. సిరియా తరహా తెల్ల దుప్పటాలు నాలుగు, ఒక్కొక్కటి ఆరు మూరల పొడుగు, నాలుగు మూరల వెడల్పు, తూకం 3¾ మినాలు, ఒక్కొక్కదానికి 24 చొప్పున 96 ద్రాక్మాలు. సేనల ఆసుపత్రికి సాదా తెల్ల కంబళి ఒకటి, ఆరు మూరలకు నాలుగు మూరలు, 4 మినాలు, 28 ద్రాక్మాలు. మొత్తం 148. కంబళి సొమ్ములో 6 ద్రాక్మాలు ఖజానా కింద పట్టుకున్నారు. (పట్టుబడి లేని బిల్లు ఆ కాలంలోనూ లేదన్నమాట.)

షరతులు కూడా వ్రాశారు. మెత్తని, శుభ్రమైన తెల్ల ఉన్ని కావాలి, మరక వుండరాదు, నేత గట్టిగా వుండాలి, అంచులు చక్కగా ముగించాలి, చూపుకు యింపుగా వుండాలి, చెడిపోయిన చోటు వుండరాదు, యిచ్చిన అడ్వాన్సుకంటె సరుకు విలువ తగ్గరాదు. సహకార సంఘంలో సరుకు మదింపు చేసేవారు యీ షరతులు చదివితే తమ రిజిస్టరే చదివినట్టుంటుంది.

ఇందులో రంగు స్పష్టంగా వున్నది: తెలుపు. ఇది ఎవరో చరిత్రకారుడు విన్నమాట కాదు, సొమ్ము చేతులు మారిన లెక్క. అయితే ఎరుపు పక్షంవారు దీనికీ జవాబు చెబుతారు: తెల్లగా నేయించి తరువాత అద్దించివుండవచ్చు గదా అని. అది అసాధ్యం కాదు. కాని అద్దకానికి పంపే బట్టకు మరకలేని తెల్ల ఉన్నే కావాలని అంతగా పట్టుబట్టడం, చూపుకు యింపుగా వుండాలనడం చూస్తే, బట్ట ఆ తెల్లదనంతోనే తొడిగేందుకు అని నాకు తోస్తుంది.

ఈ పత్రం చుట్టూ మరో తగాదా కూడా వున్నది, కొలత తగాదా. మూర అంటే ఏ మూర? మన వాడుక మూర 18 అంగుళాలు. ఈజిప్టు రాజమూర అంతకంటె పొడుగు. మన మూర లెక్కన చూస్తే చొక్కా 63 అంగుళాల పొడుగు, 57 అంగుళాల వెడల్పు. మోకాలి దాకా వుండే చొక్కాకు యింత బట్ట యెందుకని, యిది చొక్కా కొలతే కాదని కొందరంటారు. ముందు మొత్తం బట్ట కొలతా, ముందు వెనుకలలో ఒకవైపు కొలతా అని కూడా సందేహం.

ఏ మూర అన్నది తేలకపోయినా తూకం చూసి కొంత చెప్పవచ్చు. మూరకు 24 వేళ్లు, మన శాస్త్రంలో హస్తానికి 24 అంగుళాలైనట్టే. కాబట్టి నాలుగు వేళ్లంటే మూరలో ఆరోవంతు. చొక్కా వైశాల్యం సుమారు 11 చదరపు మూరలు. దుప్పటా ఆరు నాలుగుల 24 చదరపు మూరలు. రెండింటి తూకం ఒకటే, 3¾ మినాలు; రెండింటి వెల ఒకటే, 24 ద్రాక్మాలు. ఒకే తూకం ఉన్నితో ఒకదానిలో 24, మరొకదానిలో 11 చదరపు మూరలు యెలా వస్తాయి? చొక్కాబట్ట దుప్పటాకంటె రెండింతలకు మించి మందమైనా కావాలి, లేదా వ్రాసిన కొలత ఒకవైపుది మాత్రమే కావాలి. కప్పుకునే దుప్పటాకంటె ఒంటిమీది చొక్కా రెండింతలు మందంగా యెవరూ నేయించరు. ముందు, వెనుక కలిపితే 22 చదరపు మూరలు. దుప్పటాకు దగ్గర పడింది. కంబళి తూకమూ యీ లెక్కకే సరిపోతున్నది. కాబట్టి ఆ కొలత ఒకవైపుదే. అంటే సిపాయి చొక్కా చాలా వెడల్పైన సంచి వంటిది. నడుముకు పటకా బిగించి, మిగిలినది పైకి లాగి మడతలుగా వదిలేవారు. తొలినాళ్లలో వేషసంఘాలవారు పొదుపుకోసం ఒంటికి పట్టినట్టు కత్తిరించి కుట్టించుకున్న చొక్కాలు తప్పని యిప్పుడు వారిలోనే చాలామంది ఒప్పుకుంటున్నారు.

అసలు ఆ చొక్కాకు కత్తెరతో పని చాలా తక్కువ. 1960, 1961 సంవత్సరాలలో యూదయ ఎడారిలోని ఒక గుహలో యిగేల్ యాదీన్ జరిపిన తవ్వకాలలో రెండో శతాబ్దపు చొక్కాలు దొరికాయి. అవి సిపాయిలవి కావు, రోమనులకు యెదురుతిరిగి దాక్కున్న యూదులవి. కాని ఆ కాలపు నేత తీరు వాటిలో వున్నది. రెండు దీర్ఘచతురస్రపు బట్టలు, భుజాల దగ్గర కలిపి కుట్టి, తల పట్టేందుకు మధ్య వదిలినవి. పైనుంచి కిందికి దిగే రంగు చారలు మగ్గం మీద పేకగా నేసినవి. అంటే బట్టను అడ్డంగా తిప్పి తొడిగేవారు. పడుగు ఒంటికి అడ్డంగా, పేక నిలువుగా వుంటుంది. చొక్కా పొడుగంత వెడల్పు మగ్గం మీద రావాలి. 63 అంగుళాల వెడల్పు అంటే ఒక్క మనిషి చేతికి అందే నేత కాదు. తెలియక పడుగు నిలువుగా కత్తిరించి కుట్టిస్తే బట్ట జారే తీరు మారిపోతుంది, మడతలు విగ్రహాలలో కనిపించినట్టు పడవు. ఫొటోలలో వేషధారుల చొక్కాలు కొన్ని అట్టముక్కల్లా నిలబడడానికి యిదొక కారణం.

రంగు దగ్గరకే మళ్లీ వద్దాం. ఎర్రబట్ట ఖరీదు కాబట్టి సిపాయికి అందదు అనే వాదం కొందరు చేస్తారు. అది నిలవదు. ఖరీదైనది నత్తగుల్లల ఊదారంగు. మామూలు ఎరుపు మంజిష్ఠ జాతి వేరుతో వచ్చేది. అది సామాన్యుల రంగే. మన కోరమండల్ తీరంలో చిరివేరుతో వేసిన ఎరుపుకూ, ఆ దేశాల వేరు ఎరుపుకూ సారం ఒకటే, అలిజరిన్ అనే పదార్థం. పటిక పట్టిస్తే నిలుస్తుంది. బ్రిటనులోని విండోలాండా కోట తవ్వకాలలో దొరికిన ఉన్నిబట్టల ముక్కలను పరీక్షిస్తే కొన్నింటిలో యీ వేరు ఎరుపు కనిపించింది. అయితే ఆ కోటలో ఆడవారు, పిల్లలు కూడా కాపురమున్నారు. ఏ ముక్క ఎవరిదో చెప్పడం కష్టం.

అందరిదీ ఒకే ఎరుపు అనే మాటను మాత్రం అద్దకం తెలిసినవారు ఒప్పుకోలేరు. లీజియను అంటే సుమారు 5,000 మంది. ఒకే అద్దకంవాడు, ఒకే నీటితో, ఒకే వారంలో రెండు బానలలో ముంచితేనే చిలపలు రెండు రంగులుగా వస్తాయి. వేరు, నీరు, పటిక ఊరూరికి మారేచోట అయిదువేలమందికి ఒక్క ఛాయ రాదు. 1868లో జర్మనీలో అలిజరిన్‌ను రసాయనంగా తయారుచేసిన తరువాత వచ్చిన భ్రమ యిది.

పైగా బట్ట సర్కారు ఉచితంగా యిచ్చేది కాదు. ఈజిప్టులో దొరికిన క్రీ. శ. 81 నాటి జీతపు లెక్కలో ఒక సిపాయికి మొదటి వాయిదా 248 ద్రాక్మాలు. అందులో తిండికి 80, జోళ్లకు పట్టీలకు 12, బట్టలకు 60 పట్టుకున్నారు. ఇంటివారు పంపిన బట్టలూ తొడుక్కునేవారు. విండోలాండాలో దొరికిన ఒక చెక్కరేకు ఉత్తరంలో మేజోళ్లు, చెప్పులు, లోదుస్తులు పంపినట్టు వున్నది. ఇన్ని చోట్లనుంచి వచ్చిన బట్ట ఒకే రంగున యెలా వుంటుంది? చిత్రకారుడు గ్రాహం సమ్నర్ 2002 నుంచి వ్రాసిన పుస్తకాలలో పాత చిత్రాలన్నీ పోగుచేసి, తెలుపూ వున్నది, ఎరుపూ వున్నది అని చూపించారు. నాకు ఆయన మాటే సబబుగా తోస్తుంది.

రెండో పెద్ద తగాదా గంజి తగాదా వంటిది. రోమనులకు ముందు గ్రీకులు, అలెగ్జాండరు సేనలు అవిసెనార బట్టతో చేసిన కవచాలు తొడిగేవారు. ఇటలీలోనూ యివి వుండేవి. వెయీ రాజు టొలుమ్నియస్ నుంచి గెలుచుకున్న నారబట్ట కవచం మీది అక్షరాలు అగస్టస్ చక్రవర్తి స్వయంగా చదివాడని లివీ వ్రాశాడు. బట్ట బాణాన్ని యెలా ఆపుతుంది? అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు గ్రీన్‌బే శాఖలో గ్రెగరీ ఆల్డ్రెట్ అనే ఆచార్యుడు, శిష్యులు కలిసి పొరలుపొరలుగా నారబట్టను కుందేలు తోలు జిగురుతో అంటించి, కవచాలు చేసి, బాణాలు వేసి పరీక్షించారు. సుమారు ఒక సెంటీమీటరు మందం వుంటే బాణాన్ని బాగానే ఆపుతున్నదని తేల్చారు. 2013లో పుస్తకం వచ్చింది. చేత్తో వడికి, చేత్తో నేసిన నారబట్ట సంపాదించడమే తమకు చాలా కష్టమైందని వారు చెప్పారు. ఆరిన తరువాత ఆ దిమ్మను కత్తెర కోయలేకపోయింది. యినుము కోసే విద్యుత్తు రంపం తెచ్చారట. కాబట్టి పూర్వులు ముందే కత్తిరించి తరువాత అంటించివుంటారని వారి ఊహ.

ఎదుటి పక్షంవారు అడిగేది సూటి ప్రశ్న: జిగురు అంటించారని ఏ ప్రాచీనుడు వ్రాశాడు? ఎవరూ వ్రాయలేదు. పొరలు కలిపి దగ్గరగా కుట్టివుంటారని కొందరు, పేక దారాలను జతలుగా మెలిపెట్టి మందంగా అల్లివుంటారని కొందరు, చిత్రాలలో కనిపించేది బట్టే కాదు తోలు అని కొందరు. చెమటకు, వానకు జిగురు వూడదా అని మరొకరు. దానికి తేనెమైనం రాస్తే సరిపోయిందని ఆల్డ్రెట్‌గారు చెప్పారు. గంజి పట్టించిన పడుగు ముసురు రోజున యెలా మెత్తబడుతుందో తెలిసినవారికి యీ భయం అర్థమవుతుంది. ఒక పని చేయవచ్చునని చూపించడం వేరు, పూర్వులు అలాగే చేశారని రుజువు చేయడం వేరు. ఆ పరీక్ష మొదటిదే చూపించింది.

కుట్టు పక్షానికి, అల్లిక పక్షానికి ఆసరా యిచ్చే కథ ఒకటి వున్నది. ఈజిప్టు రాజు అమాసిస్ గ్రీకు దేవాలయానికి సమర్పించిన నార కవచంలో ఒక్కొక్క దారం 360 పోగుల పేటతో చేసినదని హెరొడొటస్ వ్రాశాడు. 365 అని ప్లినీ లెక్క. ఆయన కాలానికి రోడ్స్ ద్వీపంలోని ఆ కవచం పీలికలుగా మిగిలిందట. ఎందుకంటే వచ్చిన ప్రతివాడూ ఆ పోగులు నిజమా కాదా అని పీకి లెక్కపెట్టి చూసేవాడు! దారాలు లెక్కపెట్టేవారు అప్పుడూ వున్నారు.

మన దేశానికి యీ తగాదాలో రెండు చోట్ల సంబంధం వున్నది. మొదటిది పాతది. మొదటి శతాబ్దపు నావికుడొకడు వ్రాసిన పెరిప్లస్ గ్రంథంలో మసాలియా తీరాన సన్నని నూలుబట్టలు విస్తారంగా నేస్తారని వున్నది. అది మచిలీపట్నం ప్రాంతమని పండితుల నిర్ణయం. ఆ బట్ట రోమను ధనికులకు చేరేది, సిపాయికి కాదు. రెండోది యిప్పటిది. యీ వేషసంఘాలవారు తొడిగే కవచాలు, శిరస్త్రాణాలు ఎన్నో మన ఉత్తరాదిని మీరట్, డెహ్రాడూన్ పట్టణాలలో తయారైనవి. ఇండియా సరుకు అంటే రేకు మందం తప్పనీ, వంపు తప్పనీ వారిలో కొందరికి చులకన. పనివాడికి యిచ్చిన నమూనా ఏది, కట్టిన ధర ఎంత అని మాత్రం తక్కువమంది అడుగుతారు. 138లో ఈజిప్టు నేతగాడికి కొలత, తూకం, అంచు, ఉన్ని రకం వ్రాసి, సొమ్ము ముందిచ్చి, ఆ పైన మంచి సరుకు అడిగారు.

సభ్యులలో ఎవరికైనా, లేక ఏ సంఘానికైనా, యిటువంటి చొక్కాలకు నేతబట్ట ఆర్డరు వస్తే యీ నాలుగు సంగతులు ముందే తేల్చుకోవాలి. మగ్గం వెడల్పు 60 అంగుళాలు దాటవలసి వస్తుంది. ఆ మగ్గానికి యిద్దరు మనుషులు కావాలి గనుక కూలి యిద్దరిదీ కట్టుకోవాలి. చారలు పేకలో రావాలి, పడుగులో కాదు. నాలుగు అంచులూ మగ్గం మీదనే ముగియాలి, తరువాత మడిచి కుట్టేందుకు లేదు. రంగు సంగతి ఎరుపో తెలుపో వారినే వ్రాతమూలకంగా తెలుపమనాలి. వేరు ఎరుపు అడిగితే బానకూ బానకూ వచ్చే తేడా యెంతవరకు ఒప్పుకుంటారో నమూనా ముక్కలు రెండు ఆ కాగితానికే కుట్టి, సంతకం తీసుకోవాలి.